కిలో లెక్క ఒప్పుకునే ముందు కాటా చూడండి

ప్రశ్న: అక్కా, మేం 16 మంది ఆడవాళ్లం ఒకే ముఠాగా తోటల్లో కాయ కోతకు వెళ్తాం. నిరుటి వరకు రోజు కూలి ఇచ్చేవాళ్లు. ఈ ఏడు తోట యజమాని కిలోకింత అని మార్చాడు. ‘చెయ్యి ఆడినవాళ్లకు ఆడినంత, మీకే లాభం’ అన్నాడు మా మేస్త్రీ. మొదటి కోతలో నిజంగానే రోజు కూలి కంటే ఎక్కువొచ్చింది. ఆ తర్వాత పొద్దుగూకే దాకా కోసినా పాత కూలి రావడం లేదు. పైగా బుట్టకు కిలోన్నర తరుగు తీస్తున్నారు. మేస్త్రీ తన కమీషను మా డబ్బుల్లోంచే పట్టుకుంటాడు. నిన్న మందు కొట్టిన తోటలోకి ఇవాళ దింపుతున్నారు. తాగే నీళ్లు మేమే మోసుకెళ్లాలి, మరుగుదొడ్డి సంగతి చెప్పక్కర్లేదు. బస్తాలు మోసే మగవాళ్లకు మాత్రం ఇంకా రోజు కూలే, అదీ మాకంటే ఎక్కువ. అందరూ నన్నే మాట్లాడమంటున్నారు. నేనేమో మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నాను. అడిగితే పని పోతుందేమోనని ఒకటే టెన్షన్. ఏం అడగాలి, ఎలా అడగాలి? ఇంకో మాట: సెలవుల్లో మా అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్తే నాలుగు కిలోలు ఎక్కువ పడతాయి కదా అనిపిస్తోంది. దానికి పదిహేనేళ్లు. తప్పంటారా?
ఒక పాఠకురాలు

సమాధానం: చెల్లెమ్మా, మీరు రాసినవన్నీ న్యాయమైన ఫిర్యాదులే. కానీ అన్నీ ఒకేసారి ముందు పెడితే తోట యజమాని తనకు పైసా ఖర్చు లేని రెండింటికి సరేనంటాడు, మిగతావాటికి ‘చూద్దాం’ అంటాడు. మీరు ఏదో సాధించామనుకుని వెనక్కి వస్తారు. అందుకని ముందు మీ డబ్బు ఎక్కడ పోతోందో తేల్చుకుందాం, అడగడం సంగతి తర్వాత.

మీరు రేటు తక్కువని రాయలేదు, గమనించారా? కిలోకు ఎంతిస్తున్నారో కూడా చెప్పలేదు. మీకు తెలియకుండానే అసలు చోటు పట్టుకున్నారు. రేటు అందరి ముందూ చెప్పే మాట, పక్క తోటవాళ్లకూ తెలుస్తుంది, దాన్ని తగ్గిస్తే గొడవవుతుంది. కొలతలో తగ్గిస్తే ఎవరూ మాట్లాడరు. ఏ కోతకు ఎంత కాయ ఉంటుంది, బుట్ట ఎంత తూగుతుంది, కాటా ఎవరి చేతిలో ఉంది, తరుగు ఎందుకు, ఎదురుచూసిన గంటలు ఎవరి ఖాతాలోకి పోతాయి. కూలి ఇక్కడ కరుగుతోంది.

ఒక లెక్క వేద్దాం. రోజు కూలి 100 అనుకోండి, రూపాయల మాట పక్కన పెట్టండి, లెక్క సులువుగా ఉండటానికే. కిలోకు 2 ఇస్తానన్నాడనుకుందాం. మొదటి కోతలో చెట్టు నిండా కాయ, మధ్యరకంగా కోసే మనిషి రోజుకు 60 కిలోలు కోస్తుంది, 120 వస్తుంది. బాగుందనిపిస్తుంది, మీకూ అలాగే అనిపించింది. రెండో కోతకు 48 కిలోలు, మూడో కోతకు 36, చివరి కోతకు 24. కాయ పలచబడే కొద్దీ చెట్టు చెట్టుకూ వెతుక్కోవాలి, నడక పెరుగుతుంది, తూకం తగ్గుతుంది. ఒక్కో కోతకు ఒక్కో రోజు అనుకుంటే, నాలుగు రోజులకు కలిపి 168 కిలోలు, 336 కూలి. రోజుకు సగటున 84. అంటే ‘20 శాతం ఎక్కువ’ అని మొదలైన ఒప్పందం సీజను ముగిసేసరికి 16 శాతం తక్కువగా తేలింది. ఎవరూ రేటు తగ్గించలేదు, ఎవరూ మాట తప్పలేదు. చెట్టు మీద కాయ తగ్గడమనే నష్టం యజమాని నెత్తి మీద నుంచి మీ నెత్తి మీదకు మారింది, అంతే. ఆయన తెలిసి చేశాడో లేదో నాకు తెలియదు, కానీ రోజు కూలి నుంచి కిలో లెక్కకు మారినప్పుడు జరిగేది ఇదే.

ఇప్పుడు తరుగు. బుట్టకు కిలోన్నర అన్నారు. తరుగు అనేది ఖాళీ బుట్ట బరువు కోసం, ఇంకో కారణమేదైనా ఉంటే ఆయన నోటితో చెప్పించండి. రేపు పొద్దున్నే పని మొదలయ్యే ముందు ఖాళీ బుట్టను కాటా మీద పెట్టమనండి. కోపంగా కాదు, ‘అన్నా, ఒకసారి చూద్దాం’ అన్నట్టుగా. ఖాళీ బుట్ట 700 గ్రాములు తూగిందనుకోండి, మిగతా 800 గ్రాముల కాయ మీరు ఊరికే కోసి ఇస్తున్నట్టు. మనిషికి రోజుకు నాలుగు బుట్టలైతే 3.2 కిలోలు. 16 మందికి 51 కిలోల పైమాటే. అంటే మీ ముఠాలో దాదాపు ఒక మనిషి రోజంతా కూలి లేకుండా పనిచేస్తోంది. ఆ మనిషి ఎవరో తెలియదు కాబట్టి ఎవరికీ కోపం రావడం లేదు.

ఇది మీ ఒక్కరి కథ కాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఇమోకలీ అనే ఊరు ఉంది, చుట్టూ టమాటా తోటలు. అక్కడ కూలీలకు బకెట్ లెక్కన కూలి ఇచ్చేవారు. ఒక బకెట్ అంటే 32 పౌండ్లు, దాదాపు పద్నాలుగున్నర కిలోలు. కానీ అంచు దాకా నింపితే ఒప్పుకునేవారు కాదు, అంచు పైన గుట్టగా పోస్తేనే టోకెన్. ఆ గుట్టకు కూలి లేదు. 1993లో ఆ కూలీలు ఒక కూటమిగా ఏర్పడ్డారు. వాళ్లు తోట యజమానితో పోట్లాడటం దగ్గరే ఆగకుండా, ఆ టమాటాలు కొనే ఒక పెద్ద ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ మీద నాలుగేళ్లు ఉద్యమం చేసి, పౌండుకు ఒక సెంటు, అంటే డాలరులో వందో వంతు, అదనంగా కూలీలకు చేరేలా 2005లో ఒప్పించారు. ఆ తర్వాత 2011 నుంచి అక్కడి ఎక్కువ తోటల్లో అమలైన నియమావళిలో బకెట్‌ను అంచు దాటి పోయించకూడదని స్పష్టంగా రాశారు. పౌండుకు సెంటు గురించి ప్రపంచమంతా మాట్లాడింది కానీ, నాకు ఆ బకెట్ నియమమే ఎక్కువ నచ్చింది. తోటలో వంగి కోసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తట్టని విషయం అది.

కాబట్టి మీరు గట్టిగా పట్టుబట్టాల్సినవి రెండు. కిలో లెక్క ఉండనివ్వండి, కానీ కాయ ఎంత పలచబడినా పూర్తి రోజు పనికి పాత రోజు కూలి కంటే తగ్గకూడదు. ఇది మొదటిది. చాలా దేశాల చట్టాల్లో కూడా ఇదే పద్ధతి, ముక్క లెక్కన ఇచ్చినా సంపాదన కనీస వేతనానికి తగ్గకూడదంటారు. తూకం మీ కళ్ల ముందు జరగాలి, తరుగు ఖాళీ బుట్ట బరువుకు మించకూడదు. ఇది రెండోది. ఆయన మొదటిదానికి అస్సలు ఒప్పుకోకపోతే, కోత కోతకూ రేటు మార్చమనండి. మొదటి కోతకు తక్కువైనా ఫర్వాలేదు, మూడో కోతకు, చివరి కోతకు ఎక్కువ. పైన వేసిన లెక్కలో 24 కిలోలు పడే రోజున కిలోకు 4 పైన ఇస్తే తప్ప రోజు కూలి గిట్టదు. రేటు ఖాయం చేయడానికి ఆయన మీలో అందరికంటే చురుకైన మనిషి తూకం చూపిస్తే ఒప్పుకోకండి. చెయ్యి ఆడే పిల్ల, మధ్యరకం మనిషి, పెద్దావిడ, ముగ్గురూ ఒక గంట కోయాలి, మధ్యలో వచ్చిన తూకం మీద రేటు కట్టాలి.

లారీ కోసం కూర్చున్న గంటలు, వాన వల్ల ఆగిన గంటలు, ఒక తోట నుంచి ఇంకో తోటకు నడిచిన సమయం కూడా కిలో లెక్కలో మాయమైపోతాయి. ఇవాళ్టి నుంచి వీటిని రాయండి. ఒక చిన్న నోటుబుక్కు చాలు. తేదీ, ఏ తోట, ఎన్నింటికి దిగాం, ఎన్నింటికి ఎక్కాం, ఎన్ని బుట్టలు, ఎన్ని కిలోలు, ఎంత చేతికొచ్చింది, ఎంత పట్టుకున్నారు. కాటా మీద అంకె కనిపించేలా ఫోన్‌లో ఫోటో తీయండి. రాయడం రానివాళ్లు బుట్టకొక గీత పెట్టినా చాలు. పుస్తకం ఒకరి దగ్గరే ఉంచకండి, ఇంకొకరు కూడా రాయాలి. రేపు మాటకు మాట వచ్చినప్పుడు ‘మాకు తక్కువొస్తోంది’ అనేదానికీ, ‘మూడో కోతలో ఆరు రోజుల్లో ఒక్క రోజు కూడా పాత కూలి దాటలేదు, ఇదిగో’ అనేదానికీ ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది. లేబర్ ఆఫీసు దాకా వెళ్లాల్సి వచ్చినా అక్కడ అడిగేది ఈ కాగితమే.

మందు సంగతి వేరేగా చెప్తాను, ఎందుకంటే అది బేరానికి పెట్టే విషయం కాదు. ‘మందు కొట్టిన మర్నాడు దిగుతాం, పది రూపాయలు ఎక్కువివ్వండి’ అని ఎప్పుడూ అనకండి, ఎవరైనా అలా ఇవ్వజూపినా తీసుకోకండి. పురుగుమందు కొట్టాక మనుషులు తోటలోకి మళ్లీ ఎప్పుడు దిగవచ్చో చెప్పే గడువు ఒకటి ఉంటుంది. మందును బట్టి అది సాధారణంగా 12 గంటల నుంచి 48 గంటల దాకా ఉంటుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. డబ్బా మీద రాసి ఉంటే దాన్నే పట్టించుకోవాలి. కాయ కోతకు ఇంకో గడువు కూడా ఉంటుంది, చివరిసారి మందు కొట్టినప్పటి నుంచి కోసేదాకా ఆగాల్సిన రోజులు. అది తినేవాళ్ల కోసం పెట్టింది. మీ పని తేలిక చేసేది ఇదే: కొనుగోలుదారు సరుకు పరీక్ష చేయించి వెనక్కి పంపితే నష్టం యజమానికి. ‘మా ఆరోగ్యం’ అంటే చెవిన పెట్టని మనిషి కూడా ‘లారీ వెనక్కొస్తే’ అంటే వింటాడు. అడగాల్సింది ఒక్కటే: ఏ మందు, ఎప్పుడు కొట్టారో పని మొదలుపెట్టక ముందే చెప్పాలి, డబ్బా ఫోటో తీసుకోనివ్వాలి. దానికి ఆయనకు ఖర్చేమీ లేదు. మీలో ఎవరికైనా తలతిప్పడం, వాంతులు, చూపు మసకబారడం, నోట్లో నీళ్లూరడం మొదలైతే వెంటనే తోట బయటకు తెచ్చి, బట్టలు మార్పించి, ఒళ్లు సబ్బుతో కడిగించి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ డబ్బా ఫోటో డాక్టర్‌కు చూపించండి, వైద్యం ఆ పురుగుమందు పేరును బట్టే ఉంటుంది.

ఎండ కూడా అంతే. ఎండలో పనిచేసేటప్పుడు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు, అంటే పావు లీటరు దాకా నీళ్లు తాగాలని నిపుణులు చెప్తారు. గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు పడుతుంది. 16 మందికి ఎనిమిది గంటలకు ఎంతవుతుందో లెక్కేయండి, తక్కువలో తక్కువ దాదాపు వంద లీటర్లు వస్తుంది. అన్ని నీళ్లు తలా ఒక సీసాలో మోసుకెళ్లడం అయ్యే పని కాదు. ఈ అంకె చెప్పి అడిగితే ‘నీళ్లు కూడా నేనే ఇవ్వాలా’ అనే మాట ఆగిపోతుంది. కొత్తగా చేరిన మనిషినీ, చాలా రోజుల సెలవు తర్వాత వచ్చిన మనిషినీ మొదటి వారం కనిపెట్టుకుని ఉండండి. పని చోట వడదెబ్బ చావుల్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే జరుగుతాయి, ఒళ్లు ఇంకా వేడికి అలవాటు పడి ఉండదు. కిలో లెక్కలో ఇంకో ప్రమాదం ఉంది. నీడకు వెళ్లినా, నీళ్లకు వెళ్లినా తూకం తగ్గుతుందని మనమే ఆగం. మరుగుదొడ్డి లేనిచోట ఆడవాళ్లు నీళ్లే తాగడం మానేస్తారు, మీరు రాయకపోయినా నాకు తెలుసు. అందుకే నీళ్లూ మరుగుదొడ్డీ విడివిడిగా అడగకండి, రెండూ ఒకటే. నాలుగు కర్రలు పాతి పరదా కట్టి, గుంత తవ్వి, చేతులు కడుక్కోవడానికి ఒక డ్రమ్ము నీళ్లు పెట్టడానికి ఒక మనిషికి సగం పూట పట్టదు.

పొలం పనిలో సౌకర్యాలు అడగడం చిన్న విషయమని అనుకునేవాళ్లు మనలోనే ఉన్నారు. కాలిఫోర్నియా పొలాల్లో ఒకప్పుడు కురచ పిడి ఉన్న పారతో రోజంతా నడుం వంచి పని చేయించేవారు. పొడుగు పిడి ఇస్తే మొక్కలు పాడవుతాయనేవారు. నడుములు పోయిన కూలీలు పట్టుబట్టాక 1975లో ఆ పారను నిషేధించారు. పంటలకేం కాలేదు.

మేస్త్రీ కమీషను దగ్గరకొద్దాం. మనుషుల్ని కూర్చి తెచ్చే పని మేస్త్రీది, ఆ అవసరం యజమానిది. కాబట్టి కమీషను ఇవ్వాల్సింది యజమాని. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. ఐఎల్‌ఓ అని పిలిచే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లో చేసిన వేతనాల రక్షణ ఒడంబడిక, పని ఇప్పించినందుకు గానీ పనిలో ఉంచినందుకు గానీ మధ్యవర్తి కోసం కూలిలోంచి డబ్బు పట్టుకోకూడదని సూటిగా చెప్తుంది. అన్ని దేశాలూ ఆ ఒడంబడికను ఆమోదించలేదు, కాబట్టి మీరున్న చోట చట్టం ఏమంటుందో లేబర్ ఆఫీసులో గానీ, వ్యవసాయ కూలీల సంఘంలో గానీ కనుక్కోండి. అయితే ఒక సలహా. మొదటి రోజే మేస్త్రీ కమీషను మీద పడకండి. యజమానితో మాట్లాడటానికి మేస్త్రీ అడ్డుపడకుండా ఉంటే చాలు ఇప్పటికి. ‘మాకు కూలి పెరిగితే నీకూ మంచిదే’ అనే దారిలో వెళ్లండి. కూలి మాత్రం ఎవరిది వాళ్ల చేతికి, లేదా ఎవరి ఖాతాలోకి వాళ్లకు నేరుగా రావాలని అడగండి. డబ్బు మేస్త్రీ చేతి మీదుగా రావడం ఆగితే కమీషను ఎంతో అందరికీ కనపడుతుంది. కనపడిన తర్వాత అది దానంతట అదే తగ్గుతుంది.

బస్తాలు మోసే మగవాళ్ల కూలి విషయం. ఒకే పనికి, సమాన విలువ ఉన్న పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి అనే సూత్రం ఐఎల్‌ఓ 1951లోనే ఒడంబడికగా పెట్టింది. అయినా ఈసారి మీరు మోతతో పోల్చి మొదలుపెట్టవద్దంటాను. మోత బరువు పని, ఎక్కువ ఇవ్వాలి కదా అని ఆయన ఒక్క మాటతో తేల్చేస్తాడు, పైగా ఆ మగవాళ్లు మీకు ఎదురుతిరుగుతారు. వాళ్లకు ఇంకా రోజు కూలి ఉండటాన్ని మీకు అనుకూలంగా వాడుకోండి: ‘కాయ ఉన్నా లేకపోయినా వాళ్లకు రోజు కూలి తగ్గదు, మాకూ తగ్గకూడదు.’ వాళ్లను తక్కువ చేయకుండా మీ మాట నెగ్గుతుంది. కోతలో మగవాళ్లు దిగితే మాత్రం కిలోకు ఒకటే రేటు, అక్కడ రాజీ వద్దు.

ఎప్పుడు అడగాలి? తర్వాతి కోతకు వారం ముందు. అప్పటికి ఆయన కొనుగోలుదారుకు మాట ఇచ్చి ఉంటాడు, ఇంకో ముఠాను వెతకడానికి టైము తక్కువ, కానీ మీరు పీక మీద కత్తి పెట్టినట్టూ ఉండదు. కొంతమంది కోత మధ్యలో, లారీ వచ్చి నిలబడ్డాక ఆపేయమంటారు. ఆ రోజు ఇస్తాడు, నిజమే. ఆ తర్వాత ఆ తోటలోకి మిమ్మల్ని రానివ్వడు. కోత మధ్యలో ఆపడం రెండింటికే దాచుకోండి: చేసిన పనికి డబ్బులు ఎగ్గొట్టినప్పుడు, లేదా ప్రాణం మీదకొచ్చినప్పుడు. రెండోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వ్యవసాయంలో భద్రత మీద ఐఎల్‌ఓ 2001లో చేసిన ఒడంబడిక, ఎదురుగా తీవ్రమైన ప్రమాదం ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే పని నుంచి పక్కకు తప్పుకునే హక్కు కూలీకి ఉందనీ, అలా తప్పుకున్నందుకు నష్టం కలిగించకూడదనీ అంటుంది.

మాట్లాడేది మీరొక్కరే వద్దు. ఇద్దరు వెళ్లాలి, అందులో ఒకరు అడ్వాన్సు తీసుకోని మనిషి అయి ఉండాలి, ఆమే ముందు మాట్లాడాలి. మీరు పక్కన కూర్చుని పుస్తకం తెరిచి అంకెలు చూపించండి. నోరున్న మనిషిని కాకుండా కోపం తెచ్చుకోని మనిషిని ఎంచుకోండి. నలుగురి ముందు, మేస్త్రీ ముందు, కూలీల ముందు అడిగితే ఆయన పరువు అడ్డొస్తుంది. సాయంత్రం తూకాలయ్యాక, లారీ వెళ్లాక కలవండి. ఉపోద్ఘాతం వద్దు. ‘అయ్యా, వచ్చే కోతకు వస్తాం. కిలో లెక్క అలాగే ఉండనివ్వండి. రోజంతా కోస్తే పాత కూలికి తగ్గకుండా చూడండి. తరుగు ఖాళీ బుట్ట బరువే తీయండి. మూడో కోత లెక్క ఇదిగో.’ ఇంత చెప్పి ఆగిపోండి. ఆయన వెంటనే మాట్లాడకపోతే కంగారుపడి మీరే తగ్గించకండి. బేరంలో మన ఆడవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఆ అర నిమిషంలోనే, ఎదుటివాళ్ల మౌనం భరించలేక.

‘మీ మేస్త్రీతో మాట్లాడుకోండి’ అంటాడు. ‘మేస్త్రీకి చెప్పాం, కానీ కాటా మీది కదయ్యా’ అనండి. ‘పక్క ముఠావాళ్లు ఇంతకే వస్తున్నారు’ అంటాడు. వాళ్లు కోసిన దాంట్లో నలిగిన కాయ ఎంత, తొడిమ ఊడిన కాయ ఎంత అని అడగండి. తోట తెలిసిన ముఠా కొమ్మ విరవదు, పచ్చికాయ కోయదు. అది ఆయనకు తెలుసు, కానీ మీరు చెప్పాలి. ‘నాకే గిట్టడం లేదు’ అంటే వెంటనే అబద్ధమనుకోకండి. చిన్న రైతయితే అది నిజం కావచ్చు, ఆయన ధర కూడా ఇంకెవరో ఖాయం చేస్తున్నారు. అలాంటి చోట మందు గడువు, నీళ్లు, సరైన తూకం ఇవాళే అడిగి తీసుకోండి. చివరి కోత కూలి మాత్రం సరుకు డబ్బులు చేతికొచ్చాక సర్దేలా రాయించుకోండి. పెద్ద తోట యజమాని ఈ మాటంటే అంత జాలి అక్కర్లేదు. ఇక ‘చూద్దాం’ అంటే, ‘ఎప్పటికల్లా చెప్తారయ్యా, మాకు ఇంకో తోట వాళ్లు అడుగుతున్నారు’ అనండి. కానీ ఇంకో తోట నిజంగా ఉంటేనే ఆ మాట అనాలి. లేకపోతే ‘గురువారం వస్తాం’ అని తేదీ పెట్టి వచ్చేయండి. ఒప్పుకున్నది ఏదైనా కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, కాదంటే ఆయన ఫోన్‌కు మెసేజ్ పెట్టి ‘సరే’ అనిపించండి.

పని పోతుందన్న భయం ఉండదని నేను చెప్పను. అందుకే వెళ్లేముందు 16 మందీ ఒకచోట కూర్చుని ఒక్క ప్రశ్నకు జవాబు అనుకోవాలి: మాట్లాడిన ఇద్దరినీ రేపు రావద్దంటే మిగతా 14 మంది ఏం చేస్తారు? ‘అందరం ఒకటే’ అని గట్టిగా అరిచే మీటింగు కాదు అది. ఎవరి ఇంట్లో ఒక్కరోజు కూలి పోయినా గడవదో వాళ్లు నోరు విప్పి చెప్పగలగాలి. ఐదుగురు ఆగలేమంటే పని మానేస్తామనే బెదిరింపు మీ నోట రాకూడదు, ఎందుకంటే మర్నాడే అది తేలిపోతుంది. ఆగగలిగినవాళ్లు ఎంతమందో తెలిస్తే దాన్ని బట్టే అడగండి. పక్క ముఠావాళ్లతో కూడా ముందే మాట్లాడండి. 1965 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని డెలానోలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ద్రాక్ష తోట కూలీలు, లారీ ఇట్లియోంగ్ నాయకత్వంలో పని ఆపారు. అంతకుముందు వాళ్లు పని ఆపితే మెక్సికన్ కూలీలను, మెక్సికన్లు ఆపితే ఫిలిప్పీన్స్ వాళ్లను దింపి యజమానులు సమ్మెలు విరగ్గొట్టేవారు. ఈసారి ఎనిమిది రోజులకే సెసర్ చావెజ్, డొలోరెస్ హుయెర్టా ఉన్న మెక్సికన్ కూలీల సంఘం వాళ్లతో కలిసింది. అయినా ఒప్పందాలు రావడానికి 1970 దాకా పట్టింది. మీకు అన్నేళ్ల పోరాటం అక్కర్లేదు, పక్క ముఠా మేస్త్రీ పిలిచినప్పుడు ‘వాళ్ల లెక్క తేలేదాకా మేం రాం’ అనే నలుగురు స్నేహితురాళ్లు ఉంటే చాలు.

మీ అడ్వాన్సు మాట. ఎంత తీసుకున్నారు, ఎంత తీరింది, ఎంత మిగిలింది, ఈ మూడూ మేస్త్రీ చేత రాయించండి, ముఠా గొడవతో కలపకుండా ముందే. వారానికి ఇంత పట్టుకోవాలని ఖాయం చేసుకోండి. అప్పుంది కాబట్టి ఇంకెక్కడికీ వెళ్లకూడదు, తక్కువకే చేయాలి అని ఎవరైనా అంటే అది అప్పు హద్దు దాటి వెట్టిచాకిరీ అవుతుంది. అప్పు డబ్బుతో తీరాలి, మనిషితో కాదు. అక్కడికొస్తే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా మోయకండి, కూలీల సంఘం దగ్గరకో లేబర్ ఆఫీసుకో వెళ్లండి.

అమ్మాయిని తీసుకెళ్లవద్దు. అందుకు రెండు కారణాలున్నాయి. 2001 ఒడంబడిక, ఆరోగ్యానికి హాని చేసే వ్యవసాయ పనికి 18 ఏళ్లు నిండాలంటుంది. నిన్న మందు కొట్టిన తోట అలాంటిదే. రెండోది మీ ముఠా మొత్తానికి సంబంధించింది. ఆమె కోసిన నాలుగు కిలోలు మీ పేరు మీదే తూకం వేస్తారు. మూడో కోతలో 36 కోసినా, యజమాని పుస్తకంలో మీరొక్కరే 40 కిలోలు కోసినట్టు కనపడుతుంది. రేపు మీరు రేటు చాలడం లేదని అడిగితే ఆయన ఆ పేజీ తీసి, ఈమెకు వస్తున్నాయి కదా మీకేమైంది అని మిగతా 15 మందినీ అడుగుతాడు.